పెట్టె పాతదే, లోపలిదంతా మారింది: డెస్క్‌టాప్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో 2006లో కొన్న డెస్క్‌టాప్‌నే ఇప్పటికీ వాడుతున్నానంటే ఎవరూ నమ్మరు. నమ్మకపోవడంలో తప్పు లేదు. అప్పటి వస్తువుల్లో ఇప్పుడు వాడుకలో మిగిలింది ఇనుప కేబినెట్ ఒక్కటే. మిగతావన్నీ ఒక్కొక్కటిగా వచ్చాయి, ఒక్కొక్కటిగా పోయాయి. బంధువులు, పక్కవీధివాళ్లు, వాళ్ల పిల్లలు ఇన్నేళ్లుగా నన్ను అడిగిన ప్రశ్నలను, వీలైనంతవరకు వాళ్లు అడిగిన తీరులోనే ఇక్కడ రాశాను. నేను ఇంజనీరును కాను, షాపు పెట్టుకున్నవాణ్ణీ కాను. చేతులు కాల్చుకున్న అనుభవం మాత్రం పుష్కలంగా ఉంది.

ఇన్నేళ్లలో ఏది ఎప్పుడు మార్చారు?

2006లో పెంటియమ్ 4 ప్రాసెసర్, 512 ఎంబీ ర్యామ్, 80 జీబీ హార్డ్ డిస్క్, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవని 17 అంగుళాల మానిటర్, విండోస్ ఎక్స్‌పీ. పట్టుబట్టి ఫ్లాపీ డ్రైవ్ కూడా పెట్టించుకున్నాను. దాన్ని ఎన్నిసార్లు వాడానో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మూడేళ్లకు ర్యామ్ పెంచాను. 2011 చివరలో మదర్‌బోర్డు (మిగతా భాగాలన్నీ గుచ్చే పెద్ద పలక) పోవడంతో బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ కలిపి మార్చి కోర్ ఐ3కి వచ్చాను. హార్డ్ డిస్క్ మాత్రం పాతదే బిగించుకున్నాను. ఆ ఏడాది థాయ్‌లాండ్ వరదల్లో అక్కడి హార్డ్ డిస్క్ ఫ్యాక్టరీలు మునిగి ప్రపంచమంతటా ధరలు ఎగిశాయి. ఎక్కడో బ్యాంకాక్ దగ్గర నీళ్లు నిలిస్తే మా ట్రంకు రోడ్డులో ధర మారుతుందని అప్పుడే తెలిసింది. 2016లో ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లెం లేని చిప్‌ల డిస్క్, వచ్చింది. 2021లో మళ్లీ బోర్డుతో సహా అన్నీ మార్చి రైజెన్ 5 5600జి ప్రాసెసర్ పెట్టాను. గ్రాఫిక్స్ కార్డుల (తెర మీద బొమ్మలు గీసే కార్డులు) ధరలు అందనంత ఎత్తున ఉన్న ఏడాది అది. అందుకే గ్రాఫిక్స్ తనలోనే ఉన్న ప్రాసెసర్‌ను ఎంచుకున్నాను.

2006 నాటి పెట్టెలో 2021 నాటి బోర్డు ఎలా పట్టింది?

మరలు బిగించే రంధ్రాల స్థానాలు, వెనకవైపు సాకెట్లు బయటికి కనబడే సందు కొలత అన్నీ ఏటీఎక్స్ అనే కొలమానం ప్రకారం ఉంటాయి. దాన్ని ఇంటెల్ 1995లో తెచ్చింది. ముప్పై ఏళ్లుగా ఎవరూ దాన్ని కదిలించలేదు. కంప్యూటర్ల లోకంలో ఇంతకాలం మాట మీద నిలబడిన వస్తువు మరొకటి నాకు తెలియదు. నా బోర్డు మైక్రో ఏటీఎక్స్, అంటే 24.4 సెంటీమీటర్ల చదరం. పాత పెట్టెలో హాయిగా కూర్చుంది. ఇబ్బందల్లా ముందువైపు యూఎస్‌బీ రంధ్రాలు పాతకాలపు నెమ్మది రకానివి కావడం, వెనక ఫ్యాన్ చిన్నది కావడం.

సీపీయూ అంటే పెట్టే కదా?

మన దగ్గర అందరూ అలాగే అంటారు. సీపీయూ అంటే బోర్డు మీద అగ్గిపెట్టె అంత ఉండే ప్రాసెసర్. షాపుకు ఫోను చేసి "సీపీయూ పోయింది" అంటే వాళ్లకు ఒకటి, మీకు ఒకటి అర్థమవుతుంది. బిల్లు వచ్చేదాకా ఆ తేడా బయటపడదు.

మా కంప్యూటర్ బాగా నెమ్మదించింది. మొదట ఏది మార్చాలి?

లోపల తిరిగే హార్డ్ డిస్కే ఉంటే ఇంకేమీ ఆలోచించకండి, విండోస్‌ను ఎస్‌ఎస్‌డీ మీదికి మార్చండి. హార్డ్ డిస్క్‌లో ఒక పళ్లెం తిరుగుతుంటే, ఒక ముల్లు అటూ ఇటూ కదిలి కావలసిన చోటు వెతుక్కుంటుంది. ప్రతి వెతుకులాటకూ పది మిల్లీసెకన్లకు పైగా పోతుంది. ఎస్‌ఎస్‌డీలో కదిలేది ఏదీ లేదు కాబట్టి అదే పని అందులో వందో వంతు కాలంలో అవుతుంది. తాలూకా ఆఫీసు రికార్డు గదిలో అటెండరు బీరువాలన్నీ తెరిచి ఫైలు వెతకడం ఒకటి, ఫైలు బల్ల మీదే ఉండటం ఒకటి. కంప్యూటర్ ఆన్ చేసి టీ పెట్టుకుని వచ్చే అలవాటు మా ఇంట్లో 2016లో పోయింది. నిజం చెప్పాలంటే ఆ టీ అలవాటు బాగుండేది.

అనుమానం ఉంటే టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. ఏ పనీ చేయకపోయినా డిస్క్ దగ్గర 100 శాతం అని కనబడుతుంటే దొంగ దొరికినట్టే.

సాటా ఎస్‌ఎస్‌డీ చాలా, ఎన్‌వీఎమ్‌ఈ కావాలా?

సాటా, ఎన్‌వీఎమ్‌ఈ అనేవి ఎస్‌ఎస్‌డీ బోర్డుతో మాట్లాడే రెండు పద్ధతులు. సాటా రకం సెకనుకు సుమారు 550 ఎంబీ చదువుతుంది. ఎన్‌వీఎమ్‌ఈలో మామూలు రకమే 3000 ఎంబీ దాటుతుంది. కాగితం మీద ఇది ఐదారు రెట్లు. ఉత్తరాలు రాసుకునేవాళ్లకు, పిల్లల చదువుకు ఆ తేడా కంటికి కనబడదు. వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకు కనబడుతుంది. బోర్డు పాతదైతే ఎమ్.2 సందే (చిన్న పలక లాంటి ఎస్‌ఎస్‌డీని నేరుగా గుచ్చే చోటు) ఉండదు. సందు ఉన్నా అది సాటా రకానికో, ఎన్‌వీఎమ్‌ఈ రకానికో, రెండింటికో బోర్డు పుస్తకంలో చూసుకోవాలి. రెండూ చూడటానికి దాదాపు ఒకేలా ఉంటాయి.

ర్యామ్ ఎంత ఉంటే చాలు? పాత ర్యామ్ కొత్త బోర్డుకు పనికొస్తుందా?

ఈ రోజుల్లో ఇంటి వాడకానికి 8 జీబీ ఇరుకు, 16 జీబీ సుఖం. పాత ర్యామ్ సంగతి అడిగితే, తరం మారితే పనికిరాదు. డీడీఆర్2, 3, 4, 5 ఒక్కోదానికీ గాటు ఒక్కో చోట ఉంటుంది. వోల్టేజి కూడా 1.8 నుంచి 1.5కు, 1.2కు, 1.1కు దిగుతూ వచ్చింది. గాటు వేరే చోట పెట్టింది మనం పొరపాటున ఎక్కించకుండా ఉండటానికే. దూరకపోతే బలం చూపించకండి.

2009లో నేను 4 జీబీ వేయాలని సరదా పడ్డాను. 32 బిట్ల ఎక్స్‌పీ లెక్కపెట్టగలిగిన చిరునామాలే మొత్తం 4 జీబీ, అందులో కొంత భాగం ఇతర పరికరాలకు పోతుంది, 3 జీబీకి కాస్త పైన మాత్రమే కనబడుతుంది. ఈ సంగతి షాపులో కుర్రవాడే చెప్పి నా డబ్బు మిగిల్చాడు.

2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. కృత్రిమ మేధ కోసం కట్టే డేటా కేంద్రాలు చిప్‌లన్నీ ఎత్తుకుపోతున్నాయి. ఇప్పుడు అవసరం గట్టిగా లేకపోతే ఆగడమే మేలు.

సాకెట్ ఒకటే అయినప్పుడు ప్రాసెసర్ ఎందుకు పనిచేయదు?

ఈ ప్రశ్నకు జవాబు డబ్బు పెట్టి కొనుక్కున్నాను. 2010లో పినాకిని రైలెక్కి చెన్నై వెళ్లి, ఎలక్ట్రానిక్స్ బజారైన రిచీ స్ట్రీట్‌లో వాడిన కోర్ 2 డ్యుయో ప్రాసెసర్ బేరం చేశాను. నా బోర్డు సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) 775, ఆ ప్రాసెసర్‌దీ 775. ఇంటికి వచ్చి బిగిస్తే ఫ్యాన్ తిరిగింది, తెర మాత్రం నల్లగానే ఉంది. నా బోర్డు తయారైన కాలంలో ఆ ప్రాసెసర్ పుట్టలేదు. దానికి కావలసిన తీరులో వోల్టేజి ఇచ్చే సర్క్యూట్ బోర్డు మీద లేదు. ఏ బోర్డుకు ఏ ప్రాసెసర్ సరిపోతుందో తయారీదారులు పట్టిక ఇస్తారు. అందులో నాది లేదు. చూసుకోనిది నేనే. చివరికి వేరే బోర్డు ఉన్న స్నేహితుడికి కొన్న ధర కంటే తక్కువకు ఇచ్చేశాను, పైగా బిగించిపెట్టి కాఫీ తాగి వచ్చాను.

సాకెట్ అంటే తలుపు కొలత మాత్రమే. లోపలివాళ్లు రానిస్తారా లేదా అన్నది చిప్‌సెట్ (బోర్డు మీది సహాయక చిప్), బయోస్ (ఆన్ చేయగానే ముందుగా నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) చెబుతాయి. ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్ల సాకెట్ పేరు కూడా 1151, ఆరో తరానిదీ 1151. అయినా అవి 300 వరుస చిప్‌సెట్ ఉన్న బోర్డుల మీదే నడుస్తాయి. ఇంటెల్‌కు పోటీ కంపెనీ ఏఎమ్‌డీవాళ్ల ఏఎమ్4 సాకెట్ కాస్త ఉదారం. 2017 నాటి మొదటి రైజెన్ నుంచి 5000 వరుస దాకా అదే సాకెట్ నడిచింది. అక్కడా ఒక మెలిక ఉంది. కొత్త ప్రాసెసర్ పెట్టకముందే, పాతది బోర్డు మీద ఉండగానే, బయోస్ అప్‌డేట్ చేయాలి. పాతది అమ్మేశాక గుర్తొస్తే చాలా బోర్డుల్లో దారి ఉండదు.

బోర్డు మార్చక తప్పదని ఎలా తెలుస్తుంది?

నా మొదటి బోర్డు చెప్పి మరీ పోయింది. ముందు అప్పుడప్పుడూ తనంతట తానే రీస్టార్ట్ అయ్యేది. తరువాత ఎండ ఎక్కితే అసలు ఆన్ అయ్యేది కాదు, తెల్లవారుజామున అయ్యేది. తెరిచి చూస్తే ప్రాసెసర్ పక్కన నిలబడి ఉండే చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్ల తలలు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. ఒకదాని మీద గోధుమరంగు జిగురు పేరుకుంది. 2000 తరువాతి ఏళ్లలో చాలా కంపెనీల బోర్డులకు ఈ జబ్బు ఉండేది. లోపలి ద్రవం సరైనది కాకపోవడం కారణం. ఆపైన వేడి. ఆ రకం కెపాసిటర్ పది డిగ్రీల వేడి పెరిగితే సగం ఆయుష్షు పోగొట్టుకుంటుందని లెక్క. రోహిణి కార్తెలో నెల్లూరు గదిలో దాని బతుకు ఏమిటో ఊహించుకోండి. ఇప్పటి బోర్డుల మీద ద్రవం లేని గట్టి రకం వాడుతున్నారు, ఆ జబ్బు దాదాపు పోయింది.

బోర్డు పోతే ఖర్చు బోర్డుతో ఆగదు. పాత సాకెట్‌కు మంచి కొత్త బోర్డు దొరకడం కష్టం, కాబట్టి ప్రాసెసర్ మారాలి. ప్రాసెసర్ మారితే చాలాసార్లు ర్యామ్ తరమూ మారుతుంది. గోడ ఒకటి తీస్తే కప్పు మార్చాల్సి వచ్చినట్టు. అందుకే పాత బోర్డు మీద ప్రాసెసర్, ర్యామ్ పెంచడానికి పెద్ద మొత్తం పెట్టవద్దంటాను. ఎస్‌ఎస్‌డీ అయితే పెట్టండి, అది రేపు కొత్త బోర్డుకూ వస్తుంది.

గడియారం ప్రతి ఉదయం పాత తేదీ చూపించడం మాత్రం బోర్డు జబ్బు కాదు. సీఆర్2032 అనే రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయింది. గడియారాల షాపులో దొరుకుతుంది. దీనికి బోర్డు మార్చాలని చెప్పేవాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లకండి.

ఎస్‌ఎమ్‌పీఎస్ 450 వాట్లని కేబినెట్‌తోపాటే ఇచ్చారు. సరిపోతుందా?

ఎస్‌ఎమ్‌పీఎస్ అంటే గోడ కరెంటును మార్చి లోపలి భాగాలన్నిటికీ పంచే డబ్బా. అన్నిటికంటే ఎక్కువ అడగవలసిన ప్రశ్న ఇది, అన్నిటికంటే తక్కువ అడిగే ప్రశ్న కూడా ఇదే. డబ్బు పెట్టమంటే అందరూ ప్రాసెసర్ వైపు చూస్తారు. దానికి తిండి పెట్టే డబ్బా వైపు ఎవరూ చూడరు.

డబ్బా పక్కన అంటించిన కాగితం చదవండి. పెద్ద అక్షరాల్లో ఉన్న 450 సంగతి వదిలేయండి. 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు రాశారో చూడండి. 16 అని ఉంటే 12ను 16తో గుణించండి, 192 వాట్లు. ఇప్పటి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తీసుకునేదంతా దాదాపు ఆ 12 వోల్టుల నుంచే. మిగతా వాట్లు 3.3, 5 వోల్టుల గడుల్లో ఉంటాయి, పాతకాలపు యంత్రాలకు తప్ప అవి పెద్దగా అక్కరకు రావు. 450 అన్నది ఊరి పేరు, 192 ఇంటి నంబరు.

నా మొదటి ఎస్‌ఎమ్‌పీఎస్ 2008 ఎండాకాలంలో కరెంటు పోయి వచ్చిన క్షణంలో టపాకాయలా పేలింది. అదృష్టం బాగుండి అది ఒక్కటే పోయింది. రెండోది 2011లో బోర్డుతోపాటు తీసేశాను. మూడోసారి 80 ప్లస్ ముద్ర (కరెంటు తక్కువ వృథా చేస్తుందనే గుర్తు) ఉన్నది, చేతికి బరువు తగిలేది కొన్నాను. చవక డబ్బా ఎప్పుడూ తేలిగ్గా ఉంటుంది, ఎందుకంటే లోపల ఉండాల్సిన రాగి, అల్యూమినియం ఉండవు. ఈ బరువు పరీక్ష శాస్త్రీయం కాదు గానీ బజారులో నిలబడి చేయగలిగింది అదే.

గ్రాఫిక్స్ కార్డు వేసే ఆలోచన ఉన్నవాళ్లకు ఒక సంగతి. బోర్డు సందు నుంచే కార్డు 75 వాట్ల దాకా తీసుకోగలదు. వేరే వైరు అక్కరలేని కార్డులు ఆ లోపల ఉంటాయి. చిన్న ఎస్‌ఎమ్‌పీఎస్ ఉన్న ఇంటికి అవే సురక్షితం.

కేబినెట్ ముట్టుకుంటే చురుక్కుమంటోంది. కంప్యూటర్ పాడైందా?

చాలావరకు కంప్యూటర్ బాగానే ఉంటుంది, మీ ఇంటి ఎర్తింగే బాగుండదు. చెప్పులు లేకుండా గచ్చు మీద నిలబడి ఇనుప భాగాన్ని తాకితే జిల్లుమంటుంది, అవునా? ఎస్‌ఎమ్‌పీఎస్‌లో కరెంటు వచ్చే చోట, ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు ఇనుప డబ్బాకు కలిపి ఉంటాయి. రణగొణ లాంటి విద్యుత్ అలజడిని ఎర్త్ వైరులోకి పంపడం వాటి పని. ఎర్త్ ఉంటే అది నేలలోకి పోతుంది. లేకపోతే మొత్తం కేబినెట్ 230కి సగం, అంటే 115 వోల్టుల దగ్గర వేలాడుతుంది. కరెంటు అతి స్వల్పం కాబట్టి జిల్లుమని ఊరుకుంటుంది. మనిషికి అది చిరాకు, యంత్రానికి మాత్రం గండం. అలాంటి కేబినెట్‌ను ఆన్‌లో ఉండగా కేబుల్‌తో టీవీకి తగిలిస్తే, టీవీవైపు ఎర్త్ దొరికి ఆ వోల్టేజి సన్నని పిన్నుల గుండా పరుగెడుతుంది. మా తోడల్లుడి ఇంట్లో ఒక మానిటర్ పోర్టు ఇలాగే పోయింది.

పరిష్కారం కంప్యూటర్ షాపులో లేదు, ఎలక్ట్రీషియన్ దగ్గర ఉంది. మూడు రంధ్రాల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. పై రంధ్రంలో వైరు ఉందో లేదో విప్పి చూపించమనండి. ఫేజ్‌కు, ఎర్త్‌కు మధ్య టెస్టు బల్బు పెడితే పూర్తి వెలుగుతో వెలగాలి. ఇంటి వెనక ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన ఎర్త్ గుంటలో ఎండాకాలం వారానికొకసారి రెండు బిందెల నీళ్లు పోయండి. నేల ఎండితే ఎర్త్ ఉన్నా లేనట్టే. లావు పిన్ను విరిచేసి రెండు పిన్నుల సాకెట్‌లో గుచ్చేవాళ్లను మా వీధిలో ఇద్దరిని చూశాను. ఇద్దరూ నన్ను పిలిచారు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. యూపీఎస్ మళ్లీ ఎందుకు?

కరెంటు పోయిన క్షణం నుంచి ఇన్వర్టర్ అందుకునేదాకా చిన్న విరామం ఉంటుంది. మంచి ఎస్‌ఎమ్‌పీఎస్ తనలో నిలవ ఉన్న కరెంటుతో సుమారు 16 మిల్లీసెకన్లు నెట్టుకొస్తుంది. ఇన్వర్టర్ అంతకంటే ఆలస్యం చేస్తే కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. చాలా ఇన్వర్టర్లకు వెనక యూపీఎస్ మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది, అది వేస్తే మార్పిడి త్వరగా జరుగుతుంది. సైన్ వేవ్ రకం (గోడ కరెంటులాగే నునుపైన అలగా ఇచ్చేది) అయితే దాంతో సరిపెట్టుకోవచ్చు. స్క్వేర్ వేవ్ రకం మీద కొత్త ఎస్‌ఎమ్‌పీఎస్‌లు కొన్ని మొరాయిస్తాయి.

యూపీఎస్ కొంటే 600 వీఏ అంటే సుమారు 360 వాట్లు. ఉద్దేశం పని చేసుకోవడం కాదు, సేవ్ చేసి ఆపుకోవడం. లోపలి 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ మన ఎండలకు రెండు మూడేళ్లే ఉంటుంది. యూపీఎస్ చచ్చిందని పారేయకుండా బ్యాటరీ మార్చించండి.

సముద్రం గాలికి, దుమ్ముకు ఏమైనా అవుతుందా?

అవుతుంది, ఊరిని బట్టి. మైపాడు వైపు రొయ్యల చెరువుల దగ్గర మా బంధువుల యంత్రం రెండు నెలలకోసారి బీప్‌లు కొట్టి మొండికేసేది. ఉప్పు గాలికి ర్యామ్ అంచుల మీద పొర పేరుకుంటుంది. ప్లగ్ పీకి, ర్యామ్ తీసి, మెత్తటి తెల్ల రబ్బరుతో తేలిగ్గా తుడిచి, పొట్టు ఊదేసి మళ్లీ పెడితే లేచి కూర్చుంటుంది. గట్టిగా రుద్దకండి, బంగారు పూత చాలా పలచన. చీమకుర్తిలో నా స్నేహితుడిది ఇంకో బాధ. గ్రానైట్ కోసే చోటికి దగ్గర ఇల్లు కాబట్టి హీట్ సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మ) రెక్కల మధ్య దుమ్ము బూడిదరంగు చాపలా పేరుకుంటుంది. మూడు నెలలకోసారి తెరవాల్సిందే.

బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, లేకపోతే గిర్రున తిరిగి బేరింగ్ పోతుంది. పంక్చర్ షాపు గాలి వద్దు, ట్యాంకులో చేరిన నీళ్లు తుంపరగా వస్తాయి.

కేబినెట్ వెనక ఖాళీ సందులకు రేకులు పెట్టి ఉంచండి. వెచ్చదనానికి బల్లులు చేరతాయి. ఒకసారి ఎస్‌ఎమ్‌పీఎస్‌లో ఏం కనబడిందో భోజనానికి ముందు చదివేవాళ్లుంటారని రాయడం లేదు.

థర్మల్ పేస్ట్ ఎప్పుడు మార్చాలి? ఎంత వేయాలి?

ప్రాసెసర్‌కు, హీట్ సింక్‌కు మధ్య వేడి దాటడానికి పూసే ముద్ద ఇది. హీట్ సింక్ విప్పిన ప్రతిసారీ మార్చాలి. విప్పకపోతే మూడు నాలుగేళ్లకు ఒకసారి. శనగగింజ అంత చాలు, చపాతీకి నెయ్యి రాసినట్టు పూయనక్కరలేదు.

ఏఎమ్4 వాళ్లకు హెచ్చరిక. పేస్ట్ ఎండి అతుక్కుపోయిన హీట్ సింక్‌ను నిలువుగా లాగితే, గడియ వేసి ఉన్నా ప్రాసెసర్ సాకెట్ నుంచి ఊడి దాంతోపాటు వస్తుంది, పిన్నులు వంగుతాయి. ముందు పది నిమిషాలు కంప్యూటర్ నడిపి వేడెక్కనిచ్చి, ఆపి, ప్లగ్ పీకి, హీట్ సింక్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీయండి. ఇంటెల్‌లో పిన్నులు బోర్డు సాకెట్‌లోనే ఉంటాయి, అక్కడ వేలు తగలకూడదు. దాని పాత రకం ఫ్యాన్‌కు నాలుగు మూలల నాలుగు నొక్కుడు పిన్నులు. మూడు దిగి ఒకటి దిగకపోతే పైనుంచి తెలియదు, బోర్డు వెనక చూడాలి.

మే నెలలో గదే 40 డిగ్రీలుంటే ప్రాసెసర్ అంతకంటే చల్లగా ఉండటం ఏ ఫ్యాన్‌తోనూ సాధ్యం కాదు. 80 దాకా చూసి కంగారుపడకండి. 95, 100 దగ్గరికి చేరితే అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

వరద నీళ్లలో తడిసిన కంప్యూటర్‌ను బతికించవచ్చా?

2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు ఇలాంటివి మూడు నా దగ్గరికి వచ్చాయి. రెండు లేచాయి. లేవనిదాన్ని వాళ్లు "పనిచేస్తుందేమో చూద్దాం" అని అప్పటికే ఒకసారి ఆన్ చేశారు.

ఆన్ చేయకపోవడమే సగం వైద్యం. బోర్డు మీది చిన్న బ్యాటరీని వెంటనే తీసేయండి, అది ఉన్నంతసేపు తడి మీద కరెంటు పాకి రాగిని తింటూనే ఉంటుంది. వరద నీళ్లలో బురద, ఉప్పు ఉంటాయి కాబట్టి బోర్డును మంచి నీళ్లతో, చివర బ్యాటరీలలో పోసే డిస్టిల్డ్ నీళ్లతో కడగాలి. కడగమంటే అందరూ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. ఆ తరువాత నీడలో, ఫ్యాన్ గాలికి, కనీసం నాలుగైదు రోజులు. బియ్యంలో పెట్టడం వృథా, బియ్యమూ వృథా. ఎస్‌ఎమ్‌పీఎస్‌ను మాత్రం ఆశ వదిలి పారేయండి. హార్డ్ డిస్క్ మునిగి ఉండి, అందులో ముఖ్యమైనవి ఉంటే, దాన్ని ఇంట్లో తిప్పకుండా డేటా రికవరీ చేసేవాళ్లకు ఇవ్వండి.

విండోస్ 10 అయిపోయిందంటున్నారు. పాత యంత్రం పారేయాలా?

విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవాళ్లకు భద్రతా అప్‌డేట్లు పొడిగించే ఏర్పాటు 2026 అక్టోబరు దాకా ఉంది, నమోదు చేసుకోవాలి. విండోస్ 11కు టీపీఎమ్ 2.0 (రహస్య తాళాలు దాచే భద్రతా ఏర్పాటు), యూఈఎఫ్‌ఐ బయోస్ (బయోస్‌లో కొత్త రకం) కావాలి. ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఏఎమ్‌డీలో రైజెన్ 2000 వరుస నుంచి పైవాటినే, కొన్ని మినహాయింపులతో, అది ఒప్పుకుంటుంది. చాలామందికి టీపీఎమ్ ఉండి కూడా లేదని చూపిస్తుంది, బయోస్‌లో ఆపి ఉంటుంది. ఏఎమ్‌డీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎమ్ అని, ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అని వెతకండి.

నా పాత కోర్ ఐ3 బోర్డును మేనకోడలికి ఇచ్చాను. దాని మీద విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత వ్యవస్థ వేశాం. "మామయ్యా, ఇందులో తెలుగు వస్తుందా?" అన్నది ఆ పిల్ల మొదటి ప్రశ్న. తెలుగు టైపు చేసే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనే ఉంది. బ్రౌజరు, పీడీఎఫ్, ఉత్తరాలు అన్నీ నడుస్తున్నాయి. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో అచ్చు పేజీలు కూర్చే డీటీపీ మిత్రులకు ఈ సలహా పనికిరాదు. వాళ్లు పాత విండోస్‌ను ఉంచుకోవచ్చు, నెట్ వైరు మాత్రం పీకేయాలి.

వాడిన భాగాలు కొనవచ్చా?

ప్రాసెసర్ కొనవచ్చు, అది సులభంగా చావదు. ర్యామ్ కొనవచ్చు, పరీక్షించి. హార్డ్ డిస్క్ వద్దు. ఎస్‌ఎమ్‌పీఎస్ ఎంత చవకైనా వద్దు. ఆఫీసులు వదిలించుకున్న పెద్ద కంపెనీల డెస్క్‌టాప్‌లు చవకగా దొరుకుతాయి, ఉన్నది ఉన్నట్టు వాడుకుంటే బాగుంటాయి. కానీ వాటిలో చాలావాటికి బోర్డు ఆకారం, ఎస్‌ఎమ్‌పీఎస్ పిన్నులు వాళ్ల సొంత పద్ధతిలో ఉంటాయి. రేపు ఏదైనా పోతే బజారు వస్తువు అతకదు.

కొత్తవి ఎక్కడ కొనాలంటే, ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ ఎక్కడ చవకైతే అక్కడ. బోర్డు, ప్రాసెసర్ మాత్రం ఊళ్లోనే కొని, షాపులో మీ ముందే సాకెట్ మూత తీయించి పిన్నులు చూసుకోండి. వంగిన పిన్ను ఎవరి చేతిలో వంగిందో తరువాత తేల్చడం కష్టం.

బోర్డు మారిస్తే విండోస్ మళ్లీ కొనాలా?

కంప్యూటర్‌తోపాటు వచ్చిన ఓఈఎమ్ రకమైతే అది ఆ బోర్డుకే చెందుతుంది. విడిగా కొన్న రిటైల్ రకమైతే మీతో వస్తుంది.

పాత హార్డ్ డిస్క్‌లోని ఫొటోలు?

పక్కన పెట్టిన నా 80 జీబీ డిస్క్ తగిలిస్తే ఇప్పటికీ తిరుగుతుంది, అందులో ఉన్నవాళ్లలో కొందరు లేరు. అందుకే అవే ఫొటోలు ఇంకో రెండు చోట్ల కూడా ఉన్నాయి, ఒకటి మా ఇంట్లో కాదు, ఒంగోలులో మా చెల్లెలి ఇంట్లో. ఎస్‌ఎస్‌డీలో వేసి బీరువాలో పెట్టి ఏళ్ల తరబడి మరిచిపోవద్దు. కరెంటు తగలకుండా ఉంటే అందులోని డేటా మెల్లగా చెరిగిపోవచ్చు.

ఈ తంటాలన్నీ ఎందుకు, ఒక ల్యాప్‌టాప్ కొనుక్కోవచ్చు కదా?

కొనుక్కోండి. తిరిగే ఉద్యోగమైతే అదే సరి. ఒకచోట కూర్చుని పనిచేసేవాళ్లకు మాత్రం, పోయిన ముక్క ఒక్కటే మార్చుకునే వీలు డెస్క్‌టాప్‌లోనే ఉంది. ఈ మధ్య చాలా ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తున్నారు.

ఆ పాత కేబినెట్ ఎప్పుడు మారుస్తారు?

పవర్ బటన్ స్ప్రింగు 2018లో విరిగింది. రీసెట్ బటన్ వైరును బోర్డు మీద పవర్ పిన్నులకు మార్చాను. అప్పటి నుంచి రీసెట్ నొక్కే ఆన్ చేస్తున్నాను. ఇంటికి వచ్చినవాళ్లు పెద్ద బటన్ నొక్కి "పనిచేయడం లేదే" అంటుంటారు. ఆ చిన్న బటన్ కూడా పోయిన రోజు చూద్దాం.